చూపు, వేలు, చూపు

నవంబరు 15, శుక్రవారం. ఉదయం 8.10.

హాజరు: హవల్దారు గారు, బల్ల వెనక. ఆయన భార్య, రెండో లేన్‌లో. మా అమ్మాయి, మూడో లేన్‌లో. మేనేజరు, గాజు గదిలో. నేను, వెనక కుర్చీలో, కుడి చివర. రైఫిళ్ళు రెండు. గుళ్ళు యాభై.

ఇది నా పాత డైరీలో పేజీ. దాన్ని మళ్ళీ తీయడానికి కారణం మా ఇంటి గ్యాసు పొయ్యి. మొన్న దోహాలో, అల్ మన్సూరాలోని మా ఫ్లాటు నుంచి బయలుదేరుతూ, వేసుకున్న చెప్పులు విప్పి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి వంక చూశాను. చిటికెన వేలితో మర తడిమాను. మళ్ళీ చూశాను. మా అమ్మాయి లిఫ్టు తలుపు పట్టుకుని, "ఏం నాన్నా, లోపలికి హవల్దారు గారు వచ్చారా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన దోహా వదిలి ఊరికి వెళ్ళిపోయి ఎనిమిది నెలలవుతోంది. మా ఇంట్లో మాత్రం ఇంకా డ్యూటీ చేస్తూనే ఉన్నారు.

ఆయనకు పేరుంది. ఇక్కడ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. కడప జిల్లా మనిషి. ఆర్మీలో తుపాకులు బాగుచేసే పనిలో ఉండి, పింఛను పుచ్చుకుని, దోహాలో ఒక షూటింగ్ క్లబ్బులో చేరారు. రైఫిళ్ళు తీసివ్వడం, కొత్తవాళ్ళకు నేర్పడం, తుడిచి లోపల పెట్టడం ఆయన పని. వాళ్ళ ఊళ్ళో గల్ఫుకు వెళ్ళిన వాళ్ళందరూ కువైటుకు వెళ్ళినట్టే. అందుకని పదేళ్ళు కతార్‌లో ఉన్నా ఊళ్ళో ఆయన కువైటాయనే. "ఆర్మీలో ఎవరినైనా కాల్చారా?" అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. "లేదు తల్లీ. ఎవురో కాల్చినవి తుడిచినా," అన్నారు. అంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలియదు.

నేను ఇక్కడికి దగ్గర్లోని దుఖాన్‌లో, చమురు కంపెనీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. తను ఇంజనీరు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శుక్రవారం పొద్దున మాత్రం గురి కొట్టడానికి క్లబ్బుకు వెళ్తుంది. తన వెంట నేను, నా వెంట డైరీ.

హవల్దారు గారి గురించి నా డైరీలో మొట్టమొదటి వాక్యం: "చూపుడు వేలు వంచని మనిషి." కరక్ టీ కప్పు పట్టుకున్నా, ఫోను పట్టుకున్నా, చీపురు పట్టుకున్నా ఆయన కుడి చూపుడు వేలు పక్కకు నిటారుగా చాచి ఉండేది. "ట్రిగ్గర్ మీదికి వేలు పోవల్లంటే కన్ను పర్మిషన్ ఇయ్యల్ల సారూ. అంతదాకా దానికి లోపల పనిలేదు. బయట నిలబడల్ల," అనేవారు.

మనుషులను వేలితో చూపేవారు కాదు. ఫలానా ఆయన అని చెప్పాలంటే అరచేయి తెరిచి చూపేవారు, పెళ్ళిలో బంతికి రమ్మని పిలుస్తున్నట్టు. ఒకసారి కూరగాయల అంగట్లో కలిశారు. చేతిలో పొడుగాటి సొరకాయ. దాని మూతి నేలకు దించి, ఎవరి కాళ్ళ వైపూ తిరగకుండా, జనం మధ్య నుంచి కౌంటరు దాకా నడిపించుకొచ్చారు. నేను నవ్వాను. "సొరకాయేనని నాకు తెలుసు సారూ. చేతికి తెలీదు గదా," అన్నారు.

క్లబ్బులో కొత్తవాళ్ళకు ఇచ్చేది పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్. చూడ్డానికి తేలిక. వెనక కర్ర భుజానికి ఆనుతుంది. కింద పది గుళ్ళు పట్టే చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని మేగజీన్ అంటారు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండే పోతుంది. కానీ ఆ దెబ్బకు లోపలి బోల్టు తనంతట తానే వెనక్కి వచ్చి, ఖాళీ తొడుగును కుడివైపుకు విసిరేసి, డబ్బాలోంచి ఇంకో గుండును ఎత్తుకుని ముందుకెళ్ళి కూర్చుంటుంది. ఇదంతా రెప్ప వేసేలోగా. ఆ ఖాళీ తొడుగును ఆయన ఆర్మీ మాటలో ఖోకా అనేవారు. వేరుశనగ గింజంత ఇత్తడి ముక్క.

ఈ "తనంతట తానే" దగ్గరే కొత్తవాళ్ళు తప్పు చేస్తారు. మా అమ్మాయీ చేసింది. మూడో వారమనుకుంటాను, నాలుగు గుళ్ళు కాల్చి, ఇవాళ్టికి చాలనుకుని బోల్టు లాగింది. లోపలి గుండు బయటపడింది. ఆ తర్వాత మేగజీన్ ఊడదీసి బల్ల మీద పెట్టి, "ఖాళీ," అంది.

"ఖాళీనా తల్లీ?"

"ఖాళీయేనండీ. గుండు బయటికి వచ్చేసింది కదా."

ఆయన రైఫిల్ గొట్టాన్ని గురి వైపే ఉంచి, మెల్లగా బోల్టు లాగారు. ఇంకో గుండు బల్ల మీద దొర్లింది. మా అమ్మాయి మొహం పాలిపోయింది. ఆయన గొంతు పెంచలేదు.

"ఇది మా అత్త సంగటి పెట్టినట్టు తల్లీ. కంచం ఖాళీ అయితానే ఇంగో ముద్ద పడ్తాది. అడగదు. నువ్వు కంచం ఎత్తిపట్టుకోని వద్దు వద్దంటే ఏం లాభం, గిన్నె ఆమె చేతిలోనే ఉండె గదా. ముందు గిన్నె తీసి పక్కన పెట్టల్ల, తర్వాత కంచం చూసుకోవల్ల. ముందు డబ్బా, తర్వాత బోల్టు."

"ఆ తర్వాత?"

"చూపు, వేలు, చూపు."

బోల్టును వెనక్కి లాగి నిలిపి, గుండు కూర్చునే చోటును కంటితో చూడాలి. చిటికెన వేలి కొసతో తడమాలి. మళ్ళీ కంటితో చూడాలి. అప్పుడు కాల్చినవారు "ఖాళీ" అనాలి. ఆయన వంగి, తానూ చూసి, "చూసినా" అనాలి. ఆయన ఆ మాట అనేదాకా ఎవరూ గీత దాటి ముందుకు వెళ్ళకూడదు.

"ఒకసారి చూస్తే చాలదా?" అన్నాను నేను.

"మొదటి చూపు మనం అనుకునిందే చూస్తాది సారూ. వేలు ఉండేది చూస్తాది. రెండో చూపు, వేలు చెప్పింది వింటాది." తర్వాత రైఫిల్‌ను గుడ్డతో తుడుస్తూ అన్నారు: "దీనికి ఇంగో గుణముండాది. ఆఖరి గుండు పోయినాంక కూడా నోరు మూసుకుంటాది. నిండినా మూసుకునే ఉంటాది, ఖాళీ అయినా మూసుకునే ఉంటాది. మొహం చూసి చెప్పలేం. అడిగి తెలుసుకోవల్ల."

నన్నూ ఆయన వదల్లేదు. ఒక శుక్రవారం చెవులకు తొడుగులు పెట్టి, కళ్ళకు అద్దాలు తగిలించి నిలబెట్టారు. "లాగొద్దు సారూ. కూరలోకి చిటికెడు ఉప్పు తీస్తాం చూడు, అంతే బలం." అయిదు గుళ్ళు కాల్చాను. నా గురి కార్డు పెళ్ళి శుభలేఖలా శుభ్రంగా ఉంది. ఆయన పక్క లేన్‌లోని మా అమ్మాయి కార్డు తెప్పించి, ఓపికగా లెక్కపెట్టి, "అమ్మాయికి పది గుళ్ళిచ్చినా, పదైదు బొక్కలు పడినాయి. మంచి బిడ్డ," అన్నారు.

అన్నీ అయ్యాక ఖోకాల లెక్క. ఎన్ని గుళ్ళు ఇచ్చారో అన్ని ఖోకాలు ట్రేలోకి రావాలి. వాటిని పదేసి చొప్పున వరుసగా నిలబెట్టి, రిజిస్టరులో రాసి, ఆ తర్వాతే తలుపు తీసేవారు. ఖాళీదే కదా, పోతే ఏమవుతుందని నేనడిగాను. "మనకు ఖాళీది సారూ. ఎయిర్‌పోర్టు మిషనుకు గుండే. ఎవురి జేబులోనో పడి, ఇండియాకు పోయే పొద్దు ఆ మిషను కుయ్యిమంటే, ఆ మనిషి ఏమని చెప్తాడు, ఏ భాషలో చెప్తాడు?" అన్నారు.

ఆయన సొంతానికి లీవు అడగగా నేను వినలేదు. కంపెనీ రెండేళ్ళకోసారి పంపితే వెళ్ళేవారు. "నేను పోతే ఖోకాలు ఎవురు లెక్కపెడ్తారు?" అనేవారు. అందుకని ఆ ఏడాది ఆయన భార్యే ఇరవై రోజులకని దోహా వచ్చింది. ఆవిడ ఇక్కడ ఉండగానే, ఊళ్ళో కోడలు పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. నవంబరు 16 ఉదయం పిల్లను తొట్లో వేసి పేరు పెట్టాలి. జేజి, అంటే నాన్నమ్మ, తన చేతులతోనే వేయాలని కోడలు పట్టుబట్టింది. 15వ తేదీ మధ్యాహ్నం పన్నెండుంబావుకు చెన్నై విమానం. దిగి, రాత్రంతా కారులో వెళ్తే తెల్లవారేసరికి ఊరు. ఆ విమానం తప్పితే తొట్టి తప్పినట్టే.

అంతవరకూ ఆయనే భార్యను క్లబ్బుకు రానివ్వలేదు. మెంబరు కాదట. మేనేజరు ఈజిప్టు ఆయన. ఆ సంగతి తెలిసి, "నీ పని చూడకుండానే వెళ్ళిపోతుందా? హరామ్, పాపం కదా. తీసుకురా," అన్నారట. అలా ఆఖరి రోజు పొద్దున, పెట్టెలు మా కారు డిక్కీలో పెట్టుకుని వచ్చాం. క్లబ్బు నుంచి పది గంటలకు బయలుదేరి నేరుగా ఎయిర్‌పోర్టుకని ఏర్పాటు.

లోపల ఏసీ చలి. హవల్దారు గారు తన పాత ఆర్మీ స్వెట్టరు తెచ్చి చీర మీద తొడిగించారు. దాని చేతులు ఆవిడ వేళ్ళు దాటి వేలాడుతుంటే, తానే పైకి రెండు మడతలు మడిచారు. ఆవిడ బల్ల మీది రైఫిల్ వంక చూసి, "ఇదేందబ్బా, ఇంతేనా? దీనికోసమా పదేండ్లు నన్నొదిలి వచ్చింది?" అంది.

ఆయన రైఫిల్‌ను కుడి భుజానికి ఆనించబోతే ఆవిడ ఎడమ భుజానికి మార్చుకుంది.

"ముప్పై ఏండ్లు సంసారం జేసి, నాది ఎడమచెయ్యని గ్యాపకం లేదా?"

"నాకుండాది. రైఫిలుకు చెప్పలేదు. అది ఖోకాను కుడిపక్కకు విసురుతాది. నీ మొహం ముందర నుంచి పోతాది, బెదరొద్దు."

అలవాటు కొద్దీ, "ఇది మా అత్త సంగటి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"ఊ, చెప్పు. మా యమ్మ సంగటి?"

ఆయన గోడ వంక చూశారు. మా అమ్మాయి పెదవి కొరుక్కుంటూ మొత్తం అప్పజెప్పేసింది. ఆవిడ విని, "మా యమ్మకు తెలిస్తే ఇంగ నీ కంచంలో ముద్ద పడదు," అంది.

"పడదంటే నమ్మను. వేలు పెట్టి చూస్తా."

ఇరవై గుళ్ళు కాల్చింది. ఇరవయ్యీ కార్డులోనే. పద్నాలుగు నల్లటి గుండ్రంలో. మేగజీన్ అయిపోయినప్పుడల్లా చేలో పిట్టలను తోలే గొంతుతో "ఖాళీ" అని కేక పెట్టేది. గాజు గదిలో మేనేజరు లేచి నిలబడేవారు. "చూసినా," అనేవారు హవల్దారు గారు నెమ్మదిగా.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"జొన్నచేలో మంచె మీద, అన్నా. ఒడిసెల తిప్పి రాయి ఒదిలేటప్పుడు ఊపిరి బిగబట్టల్లని నాకెవురు చెప్పినారు? ఈయన దానికి ఆర్మీ దాకా పోయినాడు."

ఆయన మెచ్చుకోలేదు. కార్డును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆవిడ ఒళ్ళు వేడెక్కిందని స్వెట్టరు విప్పి సంచిలో కుక్కి, వచ్చి నా పక్కన కూర్చుంది. మా అమ్మాయి తన ముప్పై ముగించింది.

అప్పుడు ఖోకాల లెక్క. నాలుగు వరుసలు నిండాయి. అయిదో వరుసలో తొమ్మిది. నలభై తొమ్మిది.

ఆయన మళ్ళీ లెక్కపెట్టారు. అంతే. టైము 9.40.

చాపలు ఎత్తారు. లేన్‌ల మధ్య పలకల కింద ఊడ్చారు. గోడవార గాడిలో చేయి పెట్టారు. మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఫోను లైటు వేసి వెతికింది. పది దాటింది. మేనేజరు బయటికి వచ్చి, హిందీలో, "హవల్దార్, ఒకటే కదా. మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. పోయిందని నేను రాస్తాను. యల్లా, త్వరగా వాళ్ళను పంపించు," అన్నారు. ఆయనా నమాజుకు వెళ్ళాలి.

"ఒక్కటే సార్. వంద పోతే ఎవరికైనా కనపడతాయి," అన్నారు హవల్దారు గారు, అదే హిందీలో.

ఆవిడ లేచి నిలబడింది. "ఒక ఇత్తడి ముక్క కోసం నా మనవరాలి తొట్టి పోగొడ్తావా?"

"తలుపు తీస్తే సంచులన్నీ బయటికి పోతాయి. నువ్వు పోయేది ఎయిర్‌పోర్టుకే."

"అంటే నేను ఎత్తుకున్నానా?"

"ఎవురూ ఎత్తుకోరు మే. అదే వచ్చి పడ్తాది."

ముందు తన జేబులు తిరగేశారు, బూట్లు విప్పి దులిపారు. తర్వాత మేనేజరు కుర్చీ కింద. తర్వాత నా జేబులు. మా అమ్మాయి బ్యాగు. ఆఖరికి, "సంచి ఇయ్యి," అన్నారు. ఆవిడ దాన్ని ఆయన గుండెల మీదికి నెట్టింది. ఆయన లోపలికి చూశారు. స్వెట్టరు ఎత్తి అడుగంతా తడిమారు. మళ్ళీ చూశారు. స్వెట్టరు మళ్ళీ లోపల పెట్టి, "లేదు," అన్నారు. 10.15.

ఆవిడ కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. 

ఆయన నా దగ్గరికి వచ్చారు. "సారూ, ఏమనుకోవద్దు. మీరు టికెట్లూ రసీదులూ డైరీలో పెట్టుకుంటారు గదా. ఒకసారి చూపిస్తారా?"

ఇచ్చాను. ఒక పార్కింగ్ చీటీ రాలిపడింది, అంతే. ఆయన ఆ రోజు పేజీ దగ్గర ఆగి, నిలబడే చదివారు, వేలు పెట్టకుండా, పెదవులు కదుపుతూ. ఎవరెక్కడ నిలబడ్డారో, ఎవరెన్ని కాల్చారో. దాని కింద నేను రాసినది: "ఆవిడకు చలి. స్వెట్టరు ఆయనది. చేతులు పొడుగు. ఆయనే రెండు మడతలు మడిచారు."

డైరీ మూసి నాకిచ్చారు. భార్య వంక చూశారు. ఆవిడ ఒంటి మీద స్వెట్టరు లేదు.

సంచిలోంచి మళ్ళీ స్వెట్టరు తీశారు. బల్ల మీద పరిచి, కుడిచేతి మడతలో చిటికెన వేలు పెట్టి మెల్లగా తిప్పారు. వేరుశనగ గింజంత ఇత్తడి ముక్క, టక్కుమని బల్ల మీద పడింది. పక్క పలకకు తగిలి ఎగిరి వచ్చి, ఆ మడతలో హాయిగా కూర్చుంది.



"ఎత్తి పక్కన పెట్టినా," అన్నారాయన. "మడతలో వేలు పెట్టలేదు. చూపు, వేలు, చూపు అని ఊరికంతా చెప్తా."

"మడిచినోడివీ నువ్వే," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఖోకా వంక చూస్తూ అడిగింది: "ఇది ఆడ మిషన్‌లో కూత పెట్టింటే?"

"నువ్వు తొట్టికాడికి పోయేదానివి కాదు."

 ఆవిడ లేచి వచ్చింది. ఖోకాను తన ఎడమచేత్తో తీసుకెళ్ళి, ట్రేలో అయిదో వరుస చివర తనే నిలబెట్టింది. ఆయన రిజిస్టరులో యాభైకి యాభై అని రాశారు. మేనేజరు తాళంచెవి ఆయన చేతిలోంచి లాక్కుని, "తలుపు నేను వేస్తాను. ఇమ్షీ, నువ్వూ వెళ్ళు," అన్నారు.

మా అమ్మాయి కారును అంత వేగంగా నడపడం నేను మళ్ళీ చూడలేదు, చూడాలనీ లేదు. కౌంటరు మూయడానికి ఆరు నిమిషాల ముందు చేరాం. అక్కడా ఆయన సంచి అడిగారు. చూపు, చేయి, చూపు. "స్వెట్టరు మాత్రం ఇయ్యను," అని ఆవిడ దాన్ని ఒంటికి తొడుక్కుంది. లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది. మడతలు లేవు. స్వెట్టరు చేతులు వేళ్ళు దాటి జెండాల్లా వేలాడాయి. ఆయన అరచేయి తెరిచి చూపారు, వెళ్ళిరా అన్నట్టు.

మర్నాడు, నవంబరు 16, శనివారం. ఉదయం 7.30. హాజరు: హవల్దారు గారు, మా అమ్మాయి, నేను. మా ఇంటి హాలు. ఆయన ఫోను అద్దం పగిలి ఉంటే, మా అమ్మాయి వీడియోను టీవీకి కలిపి, ఫోనును టీవీ పక్కనే మా వైపు తిప్పి నిలబెట్టింది.

టీవీ నిండా పూల తొట్టి. దాని పక్కన ఆవిడ, పట్టుచీరలో, నిద్రలేని కళ్ళతో. చేతుల్లో మనవరాలు. అయ్యవారు ముహూర్తం దాటుతోందని తొందరపెడుతున్నారు. ఆవిడ పిల్లను కోడలికి అందించి, తొట్టి మీదికి వంగింది. లోపలికి చూసింది. ఎడమచేతి చిటికెన వేలితో గుడ్డ అంచులూ మడతలూ అన్నీ తడిమింది. మళ్ళీ చూసింది. ఫోను వైపు తిరిగి, జొన్నచేను గొంతుతో అంది:

"ఖాళీ."

అక్కడున్న వాళ్ళు ఉలిక్కిపడ్డారు. "శుభమా అని బిడ్డను తొట్లో వేస్తా, ఖాళీ అంటావేందమ్మే?" అని ఎవరో ముసలావిడ గొణిగింది. ఇక్కడ మా హాల్లో హవల్దారు గారు టీ కప్పుతో లేచి నిలబడ్డారు, చూపుడు వేలు నిటారుగా.

"చూసినా," అన్నారు.

ఆవిడ పిల్లను తీసుకుని తొట్లో పడుకోబెట్టింది. అరిచే ఆడవాళ్ళ మధ్య నుంచి మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చి, దాన్ని అందుకుని పిల్ల మీదికి తిప్పింది. "చూపు అయింది గదా. వేలు మిగిలింది. ఎప్పుడు?"

ఆయన కప్పు బల్ల మీద పెట్టి, టీవీ దగ్గరికి నడిచి, చిటికెన వేలు చాచి పిల్ల అరచేతి మీద ఆనించారు.

"టీవీ కాదు సామీ," అంది ఆవిడ.

ఆయన వేలు తీయలేదు. ఎడమచేత్తో జేబులోంచి క్లబ్బువాళ్ళ చిన్న ఫోను తీసి, మేనేజరుకు కలిపి, హిందీలో, "సార్, లీవు కావాలి," అన్నారు. అవతల నుంచి ఎన్ని రోజులని అడిగినట్టున్నారు. ఆయన పిల్ల వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ ఒక్క లెక్క మాత్రం ఆయనకు వెంటనే తోచలేదు.